బొల్లికి ఒక కొలత

మన తెలుగువారు దేహాన్నే కొలబద్దగా చేసుకొని బ్రతికినవారు. చిటికెడు ఉప్పు, గుప్పెడు బియ్యం, దోసెడు నీళ్లు, బెత్తెడు జాగా, జానెడు పొట్ట, మూరెడు పూలు, బారెడు పొద్దు అనే మాటలలో వ్రేలికొస మొదలుకొని బాహువుల వరకు ప్రతి అవయవమూ ఒక ప్రమాణమై నిలిచింది. ఇంతటి కొలతల సంపద గల భాషలో ఒక్క విషయాన్ని గురించి మాత్రం మనం ఏ కొలతా లేకుండానే మాట్లాడుకొంటాం. అది బొల్లి. "వాళ్ల అమ్మాయికి ఉందట" అని ఒకరంటారు. "ఆ ఇంట్లో ఉన్నదే కదా" అని మరొకరు గొంతు తగ్గించి అందుకొంటారు. ఎంత ఉంది, ఎక్కడ ఉంది, పెరుగుతున్నదా, తగ్గుతున్నదా, నిలకడగా ఉన్నదా అని అడిగేవారు లేరు. లోకం దృష్టిలో బొల్లి ఉండడమో లేకపోవడమో తప్ప మూడవ స్థితి లేదు. కనుబొమ ప్రక్కన కందిగింజంత మచ్చకూ, ఒళ్లంతా ప్రాకిన తెలుపునకూ ఒకే తీర్పు, ఒకే శిక్ష.

నేను వైద్యుడను కాను. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడను. అయినప్పటికీ ఈ విషయంపై నాలుగు మాటలు వ్రాయడానికి పూనుకొన్నది, ఇది వైద్యశాల గోడల మధ్యనే ఆగిపోయే సమస్య కాదు గనుక. బొల్లిని శాస్త్రీయంగా కొలిచి, ఆ కొలతను అంకెలలో వ్రాసి రోగికి తెలియజెప్పడం రోగికి న్యాయంగా చెందవలసిన హక్కు అని నా అభిప్రాయం. ఆ కొలత మచ్చను కొలవాలే గాని మనిషిని కొలవరాదన్నది దానితో పాటే చెప్పవలసిన మాట.

ముందుగా వ్యాధి స్వరూపాన్ని సంగ్రహంగా చూద్దాం. మన చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దానిని తయారుచేసే కణాలను మెలనోసైట్లు అంటారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థయే పొరబడి ఈ కణాలను శత్రువులుగా భావించి నాశనం చేసినప్పుడు ఆ మేరకు చర్మం పాలవలె తెల్లబడుతుంది. ఇదే బొల్లి. ఆంగ్లంలో దీనిని విటిలిగో అంటారు. ప్రపంచ జనాభాలో నూటికి అరపాలు నుంచి రెండు పాళ్ల వరకు దీనికి గురి అయినవారే. ఇది అంటువ్యాధి కాదు. ప్రాణం తీసేదీ కాదు. చేపలు తిని పాలు త్రాగినందువల్ల వచ్చేది అంతకన్నా కాదు.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ వినిపిస్తాయి గనుక పేర్ల విషయం కూడా ప్రస్తావించడం ఉచితం. యునానీ వైద్యంలో బొల్లిని 'బరస్' అనీ, కుష్ఠువును 'జుజామ్' అనీ వేరు వేరుగా పేర్కొన్నారు. తెలుగులోనూ 'బొల్లి', 'కుష్ఠు' అని రెండు మాటలు ఉండనే ఉన్నాయి. అయినా 'శ్వేతకుష్ఠు' అనే మూడవ మాట ఎలాగో వ్యాప్తిలోకి వచ్చి, ఈ రెండింటినీ ఒకే ముడిలో వేసి ఎందరి బ్రతుకులనో చీకటి చేసింది. వాస్తవానికి కుష్ఠు మచ్చ పూర్తిగా తెల్లబడదు, రంగు కొంత వెలిసినట్లుంటుంది. అక్కడ సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చలో స్పర్శ చెక్కు చెదరదు. కావున కొలతకు ముందు జరగవలసినది గుర్తింపు. వైద్యుడు చూచి, తాకి, అవసరమైతే వుడ్ దీపం క్రింద పరీక్షించి ఇది బొల్లియే అని నిర్ధారించాలి. 1903లో రాబర్ట్ విలియమ్స్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రూపొందించిన ఈ అతినీలలోహిత దీపం వెలుగులో బొల్లి మచ్చ నీలి తెలుపు కాంతితో మెరుస్తుంది. పచ్చని మేనిఛాయ గలవారిలో మామూలు వెలుతురున కంటికి ఆనని మచ్చ అంచులు కూడా ఆ చీకటి గదిలో బయటపడతాయి.

ఇక కొలత. ఈ వ్యాధికి మందులు ప్రాచీనమైనవి. కొలత మాత్రం నవీనమైనది. బావంచి గింజలను, సూర్యరశ్మిని కలిపి ప్రయోగించడం ఆయుర్వేదానికీ యునానీకీ శతాబ్దాలుగా తెలుసు. హైదరాబాదులోని ఎర్రగడ్డలో ఉన్న యునానీ పరిశోధనాలయానికి బొల్లి చికిత్స కోసం దూర ప్రాంతాల నుంచి ఇప్పటికీ రోగులు వస్తూనే ఉంటారు. కాని ఏ మందు వల్ల ఎంత రంగు తిరిగి వచ్చిందో చెప్పడానికి అందరూ ఒప్పుకొనే ప్రమాణం లేనంతకాలం ఒక వైద్యుని "బాగా తగ్గింది" అనే మాటకూ మరొక వైద్యుని "కొంత తగ్గింది" అనే మాటకూ పోలిక పెట్టడం సాధ్యపడలేదు.

శరీర విస్తీర్ణాన్ని లెక్కించే పద్ధతి మొదట కాలిన గాయాల వైద్యంలో స్థిరపడింది. 1951లో వాలెస్ ప్రచురించిన 'తొమ్మిదుల సూత్రం' ప్రకారం పెద్దవారి దేహంలో తల, మెడ కలిసి 9 శాతం. ఒక్కొక్క చేయి 9. మొండెం ముందు భాగం 18. వెనుక భాగం 18. ఒక్కొక్క కాలు 18. మిగిలిన 1 శాతం మర్మావయవాలది. పెద్ద గాయాలకు ఇది చక్కగా సరిపోతుంది. కాని బొల్లి మచ్చలు రూపాయి బిళ్లంత ఒకచోట, రేగుపండంత మరొకచోట చెదరి ఉంటాయి. వాటికి ఇంతకన్నా చిన్న మానం కావాలి.

ఆ మానం మన చేతిలోనే ఉంది. రోగి అరచేయి, వ్రేళ్ల లోపలి భాగంతో సహా, అతని శరీర విస్తీర్ణంలో సుమారు 1 శాతం అని లెక్క. సూక్ష్మంగా కొలిస్తే పెద్దవారిలో ఇది 0.8 శాతానికి దగ్గరగా ఉంటుంది. వ్రేళ్లను విడిచిపెట్టి అరచేతిని మాత్రమే తీసుకొంటే దాదాపు 0.5 శాతమే. కావున ఒక వైద్యుడు వ్రేళ్లతో కలిపి, మరొకరు వ్రేళ్లు లేకుండా లెక్కించినట్లయితే అదే రోగి వ్యాధి కాగితంపై రెట్టింపయి కూర్చుంటుంది. మరొక నియమం కూడా ముఖ్యమైనది. కొలవవలసినది రోగి చేతితోనే గాని వైద్యుని చేతితో కాదు. పసివాని మచ్చకు పసివాని చేయే ప్రమాణం. ఎవరి దేహానికి వారి చేయే కొలబద్ద అన్న ఈ సూత్రంలో న్యాయమూ ఉంది, శాస్త్రమూ ఉంది.

2004లో కెనడాకు చెందిన హంజవీ, ఆయన సహచరులు ఈ హస్త ప్రమాణాన్ని ఆధారం చేసుకొని ఒక సూచికను ప్రకటించారు. దాని ఆంగ్ల నామంలోని నాలుగు మొదటి అక్షరాలను కలిపి చదివితే 'వాసి' అవుతుంది. రాశి, వాసి అనే జంటమాటను నిత్యం వాడే తెలుగువారికి ఈ పేరు యాదృచ్ఛికంగానైనా ఎంతో అర్థవంతంగా తోస్తుంది. ఏలననగా ఈ సూచిక సరిగ్గా ఆ రెండింటినీ గుణిస్తుంది. మచ్చ ఎన్ని చేతుల విస్తీర్ణం అన్నది రాశి. ఆ విస్తీర్ణంలో రంగు ఎంతమేరకు పోయిందన్నది రెండవ అంశం. దానికి 0, 10, 25, 50, 75, 90, 100 అని ఏడు మెట్లు. రంగు బొత్తిగా లేకుంటే 100 శాతం. తెలుపు మధ్య అక్కడక్కడ రంగు చుక్కలు మాత్రమే ఉంటే 90. రంగూ తెలుపూ సరిసమానంగా ఉంటే 50. రంగు మధ్య తెల్లని చుక్కలు మాత్రమే మిగిలితే 10. శరీరంలోని ఒక్కొక్క భాగానికీ ఈ గుణకారం చేసి అన్నింటినీ కూడితే 0కూ 100కూ నడుమ ఒక అంకె వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒకరి మోకాలి క్రింద నాలుగు చేతులంత మచ్చ ఉంది. రంగు పూర్తిగా పోయింది. నాలుగును 100 శాతంతో గుణిస్తే సూచిక 4. ఆరు నెలల చికిత్స తరువాత మచ్చ అంచు అంగుళమైనా వెనుకకు జరగలేదు, కాని లోపల రోమమూలాల చుట్టూ గోధుమ రంగు చుక్కలు పుట్టి, విస్తరించి, సగం భాగాన్ని కప్పాయి. ఇప్పుడు నాలుగును 50 శాతంతో గుణిస్తే సూచిక 2. వ్యాధి సగానికి తగ్గింది. అయితే రోజూ అద్దంలో చూచుకొనే రోగికి ఏమి కనిపిస్తుంది? అదే అంచు, అదే ఆకారం. "ఆరు నెలలు తిరిగాను, అంగుళం తగ్గలేదు" అని నిరాశ చెందుతాడు, చికిత్స మానివేస్తాడు. పారదర్శకమైన కాగితం పెట్టి అంచును గీచి కొలిచే పద్ధతికి కూడా ఈ మార్పు అందదు. ఆనాటి 4, ఈనాటి 2 ఒక చీటీ మీద ప్రక్కప్రక్కన ఉన్నట్లయితే ఆ మనిషి చికిత్స మానడు. కొలత వల్ల కలిగే మొదటి మేలు ఇది.

రెండవ మేలు, మోసం నుంచి రక్షణ. "బొల్లికి గ్యారంటీ వైద్యం" అనే ప్రకటనలను గోడల మీద చూడనివారు మనలో లేరు. 1954 నాటి మాంత్రిక చికిత్సల ప్రకటనల నిషేధ చట్టపు షెడ్యూలులో బొల్లి కూడా ఉంది. అనగా దానిని నయం చేస్తామని ప్రకటించుకోవడమే నేరం. అయినా ఆ వ్యాపారం నడుస్తూనే ఉన్నది, మొదటి రోజున ఎంత ఉన్నదో ఎక్కడా వ్రాసి ఉండదు గనుక. కొలత లేనిచోట "తగ్గింది" అనే మాటకు ఎదురులేదు. నిజమైన శాస్త్రం ఎంత వినయంగా మాట్లాడుతుందో చూడండి. రుక్సోలిటినిబ్ అనే లేపనాన్ని పరీక్షించిన రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ముఖం మీది సూచికలో 75 శాతం మెరుగుదల సాధించడమే అక్కడ విజయానికి నిర్వచనం. 24 వారాల తరువాత మందు వాడినవారిలో సుమారు 30 శాతం మంది ఆ మెట్టును అందుకొన్నారు. మందు కలపని లేపనం వాడినవారిలో 7 నుంచి 11 శాతం మంది మాత్రమే అందుకొన్నారు. నూటికి ముప్పది అని చెప్పగల ధైర్యం కొలిచినవారికే ఉంటుంది. నూటికి నూరు అనేవాడు కొలవనివాడు. అదే సంవత్సరం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ లేపనాన్ని అనుమతిస్తూ శరీరంలో 10 శాతానికి మించిన భాగంపై పూయరాదని నియమం పెట్టింది. 10 శాతం అనగా పది చేతులు. కొలవడం రాని చోట ఈ నియమాన్ని పాటించడం ఎట్లా?

అయితే ఒకే అంకెతో సర్వమూ తెలిసిపోతుందనుకోవడం కూడా పొరపాటే. 2007లో ఐరోపా వైద్య బృందం ఒకటి విస్తీర్ణంతో పాటు మరి రెండు విషయాలను కూడా నమోదు చేయాలని ప్రతిపాదించింది. ఒకటి, మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడినవా లేదా అన్నది. రంగు తిరిగి పుట్టేది ఎక్కువగా రోమమూలాల నుంచే గనుక, వెంట్రుక తెల్లబడితే ఆశ కొంత సన్నగిల్లుతుంది. పెదవులు, వ్రేలికొసలు త్వరగా లొంగకపోవడానికి కూడా అక్కడ వెంట్రుకలు లేకపోవడమే ముఖ్య కారణం. రెండవది వ్యాధి గతి. ప్రాకుతుంటే కూడిక గుర్తు, వెనుదిరిగితే తీసివేత గుర్తు, నిలిచి ఉంటే సున్న. నదికి వరద కొలిచేవారు నీటిమట్టం ఎంతో చెప్పి ఊరుకోరు. పెరుగుతున్నదో తగ్గుతున్నదో కూడా చెబుతారు. బొల్లికీ అంతే. 2016లో బెల్జియంలోని గెంట్ నగర వైద్యులు బొమ్మలతో పోల్చి విస్తీర్ణాన్ని గుర్తించే మరొక పద్ధతిని తీసుకొచ్చారు. తరువాత అదే ఆధారంగా రోగి తనంతట తాను గుర్తించుకొనే పద్ధతి కూడా వచ్చింది. అక్షరాస్యత ఎంత ఉన్నా లేకున్నా బొమ్మను చూచి వ్రేలు పెట్టి చూపించగలరు గదా! మన వంటి దేశానికి ఈ మార్గం ఎంతో అనువైనదని నా నమ్మకం.

ఇప్పుడు అసలైన చిక్కు వద్దకు వద్దాం. ఇద్దరు రోగులున్నారు. ఇద్దరికీ సూచిక 2. ఒకరికి ఆ తెలుపు వీపున ఉంది. చొక్కా తొడుక్కొంటే లోకానికి తెలియదు. రెండవది ఒక విద్యార్థిని. ఆమెకు అదే తెలుపు పెదవుల చుట్టూ, రెప్పల మీద, వ్రేళ్ల కొసల మీద ఉంది. అంకె ఒకటే, బ్రతుకులు ఒకటేనా? ఆమె నోటుబుక్కు అందించడానికి చేయి చాపదు. తరగతిలో సమాధానం తెలిసినా లేచి నిలబడదు. ఇంట పెళ్ళి మాటలు వచ్చిన ప్రతిసారీ, ఆమెకే కాదు, ఆమె చెల్లెలికి కూడా సంబంధం వెనుదిరిగిపోతుంది. ఈ బరువును చేతులతో కొలవలేము. అందుకే 1994లో కార్డిఫ్‌లోని ఫిన్లే, ఖాన్ అనే వైద్యులు చర్మరోగుల జీవన నాణ్యతను కొలవడానికి పది ప్రశ్నల పట్టికను రూపొందించారు. దాని మొత్తం 0 నుంచి 30 వరకు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు మరొక అడుగు ముందుకు వేసి, బొల్లి మన దేశపు రోగి మనసుపై చూపే ప్రభావాన్ని కొలిచే 22 ప్రశ్నల పట్టికను సిద్ధం చేశారు. విస్తీర్ణపు అంకె ప్రక్కన ఈ అంకె కూడా ఉన్నప్పుడే రోగి కథ పూర్తవుతుంది. మొదటి అంకె వైద్యుడు చెప్పేది. రెండవ అంకె రోగి చెప్పేది. రెండు గొంతులూ వినని వైద్యం సగం వైద్యమే.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ప్రభుత్వ వైద్యశాలలో ఉదయం నుంచి బారులు తీరిన రోగుల మధ్య డాక్టరుగారికి ఈ లెక్కలకు తీరిక ఎక్కడిదని కొందరంటారు. నిజమే. కాని హస్త ప్రమాణానికి యంత్రం అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. శిక్షణ పొందిన నర్సు కొద్ది నిమిషాలలో చేయగలదు. ఇద్దరు వైద్యులు చూస్తే రెండు అంకెలు వస్తాయని మరికొందరంటారు. ఇదీ నిజమే, కంటి అంచనాలో తేడాలు తప్పవు. అందుకే ఒకే రోగిని వీలైనంతవరకు ఒకరే, ఒకే పద్ధతిలో కొలవాలి. ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, ఒకే భంగిమలో ఫోటో కూడా తీసి ఉంచాలి. ఒకటి రెండు పాళ్ల తేడాను చూచి పొంగిపోవడం గాని కృంగిపోవడం గాని తగదు. మచ్చలు శరీరానికి ఒక ప్రక్కనే పట్టీవలె వచ్చే రకానికి ఈ పద్ధతులు అంతగా నప్పవన్న మాటను కూడా అంగీకరించవలసిందే. లోపాలున్న కొలత కన్నా కొలత లేకపోవడం మేలని మాత్రం ఎవరూ అనజాలరు.

అన్నింటికన్నా నన్ను కలవరపెట్టే అభ్యంతరం వేరొకటి ఉంది. ఈ అంకె వైద్యశాల గడప దాటి పెళ్ళిళ్ల పేరయ్య చేతికి చిక్కితే? "పిల్లకు ఎన్ని పాళ్లు?" అని అడిగే రోజు వస్తే? కట్నాన్ని, మేని రంగును, కులగోత్రాలను కొలిచి బేరమాడటం నేర్చిన సమాజం మనది. కావున ఆ అంకె రోగిదీ వైద్యునిదీ తప్ప మూడవ వ్యక్తిది కాదని మనమందరం గట్టిగా చెప్పగలగాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులు తప్ప మరెవరూ ఆ చీటీని అడుగరాదు. చికిత్సకు ఉపయోగపడే కొలత వేరు, విలువ కట్టడానికి వాడే కొలత వేరు. మొదటిదానిని కోరుకొనేవారే రెండవదానిని ముందుగా ఎదిరించాలి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు కాబోతున్నారు. అందరూ ఏదో ఒక ఇంటికి పెద్దలు కాబోతున్నారు. ప్రతి సంవత్సరం జూన్ 25వ తేదీని ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు. 2009లో అదే తేదీన మరణించిన గాయకుడు మైకేల్ జాక్సన్ ఈ వ్యాధి తనకున్నదని 1993లో కోట్లాది ప్రేక్షకుల ముందు వెల్లడించాడు. ప్రపంచమంతా ఎరిగిన మనిషికే ఆ మాట చెప్పడానికి అంత కాలం పట్టినప్పుడు, మన తరగతి గదిలో వెనుక బెంచీన చేతులు ముడుచుకొని కూర్చున్నవారికి ఎంత కాలం పడుతుందో ఊహించండి.

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. ఏటేటా మనం జరిపే వైద్య పరీక్షలకు ఒక చర్మవైద్యుని కూడా ఆహ్వానించండి. పరీక్ష ఏకాంతంగా, విద్యార్థి అంగీకారంతో జరగాలి. బొల్లి ఉన్నవారికి విస్తీర్ణం ఎంత, ఏయే చోట్ల, ఏ దిశగా నడుస్తున్నది అన్న మూడు మాటలు వ్రాసిన చీటీని వారి చేతికే ఇవ్వాలి. కార్యాలయపు ఫైలులో దాని నకలు ఉండరాదు. మరుసటి సంవత్సరం అదే చీటీతో వారు తిరిగి వస్తే తేడా ఎంతో వారికే తెలుస్తుంది. ఖర్చు స్వల్పం. ఒక గది, ఒక తెర, ఒక డాక్టరుగారి పూట కాలం చాలు. ఈ ఏడాది నుంచే దీనిని ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను.